తప్పుల పీరియడ్

ఛాయాదేవి టీచరుకి కిన్నెర మీద కడుపుమంట మొదలైంది స్కూల్లో కాదు, సొంత ఇంట్లో, అన్నాల దగ్గర. కూతురు తన్మయి పప్పన్నం కలుపుకుంటూ, "అమ్మా, కిన్నెర టీచర్ ఇవాళ గోళాన్ని గాల్లో నిలబెట్టి నిలువునా కోసేసిందే! లోపలంతా చూశాం," అంది. అంతటితో ఆగినా బాగుండేది. "నువ్వెప్పుడూ సుద్దముక్కతోనే గీస్తావు కదా," అని కూడా అంది.

తొమ్మిదో తరగతి పిల్ల, ఉన్నమాటే అంది. ఆ ఉన్నమాటకే ఛాయాదేవికి ముద్ద దిగలేదు. "కోస్తే లోపలేముందట, గుమ్మడికాయ గింజలా?" అంది. భర్త సన్యాసిరావు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, పగలంతా ఇంజన్ల రొద విని వచ్చినవాడు. నవ్వబోయి, భార్య మొహం చూసి, మజ్జిగ వెయ్యమన్నాడు.

సీతంవలస హైస్కూల్లో లెక్కల టీచరంటే ఇన్నేళ్ళూ ఛాయాదేవే. ఆవిడకి పేరొచ్చింది లెక్కలు చెప్పినందుకు కాదు, తప్పులు చదివినందుకు. శనివారం చివరి పీరియడ్‌కి అన్ని తరగతుల పిల్లలూ ఆవిడ గదిలో చేరేవారు, దాన్ని తప్పుల పీరియడ్ అనేవారు. ఆ వారంలో చేసిన తప్పుల్లోంచి మంచి తప్పొకటి ఏరి తెచ్చి బోర్డు మీద రాయాలి. సరైన లెక్క పట్టుకొచ్చిన బుద్ధిమంతుడికి ఆ పూట బోర్డు దగ్గర పని లేదు. ఛాయాదేవి ఆ తప్పు ముందు చేతులు కట్టుకుని కాసేపు నిలబడేది. ఆ తర్వాత, అది ఆ బుర్రలో ఎలా పుట్టిందో చెప్పేది.

ఒకసారి ఆరో తరగతి కుర్రాడొకడు సగానికి మూడోవంతు కలిపి అయిదింట రెండు అని రాశాడు. పైవి పైకి, కిందివి కిందికి కూడేశాడు. వేరేవాళ్ళయితే ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి పంపేసేవారు. ఛాయాదేవి నవ్వింది. "నువ్వు కబడ్డీ స్కోరు రాస్తుంటావు కదూ? మొదట రెండాటల్లో ఒకటి గెలిచారు, తర్వాత మూడాటల్లో ఒకటి. మొత్తం అయిదాటల్లో రెండు. ఆటలకైతే నువ్వు చేసింది ఒప్పేరా. ఇక్కడ కలిపేది ఆటలు కాదు, దోసె ముక్కలు." వాడు నోరు తెరిచి, "మీకెలా తెలిసింది టీచర్?" అన్నాడు. "నేనూ చిన్నప్పుడు ఇలాగే కలిపాను కనక. మా మాస్టారు తొడపాశం పెట్టారు," అందావిడ. క్లాసంతా పడీపడీ నవ్వింది.

అలాంటి స్కూలుకి ఆ ఏడాది పట్టీ వచ్చింది. తలనొప్పికి కట్టుకునే గుడ్డలాంటి పట్టీ, దానికో చిన్న పెట్టె. పెట్టె మీద బొటనవేలు పెట్టి, కోర్సు ఎంచుకుని, పట్టీ తలకి చుట్టుకుని పడక్కుర్చీలో వాలితే చాలు. ఒక పీరియడ్ గడిచి లేచేసరికి ఆ కోర్సు బుర్రలోనూ ఉంటుంది, చేతుల్లోనూ ఉంటుంది. ఇక ఎండాకాలం సెలవుల్లో చెమటలు కక్కుతూ శిక్షణ తరగతులకి పోనక్కర్లేదు. పట్టీతోపాటు గాలిబోర్డు కూడా వచ్చింది, గాల్లో వెలుగుతో బొమ్మలు గీసే యంత్రం. టర్ముకి ఒక్క కోర్సే తీసుకోవాలని పెట్టె మీద రాసి ఉంది. ఎందుకో మాత్రం రాయలేదు. పైవాళ్ళు పెట్టే సవాలక్ష నిబంధనల్లో ఇదీ ఒకటిలే అనుకున్నారంతా.

కిన్నెర అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల. తొమ్మిదో తరగతి జ్యామితిని హెడ్మాస్టరు ఆమెకిచ్చి, బీజగణితం ఛాయాదేవికి ఉంచాడు. కిన్నెర గాలిబోర్డు కోర్సు ఒక్కటి తీసుకుని ఊరుకుంది. దాన్ని కూడా రోజూ వాడేది కాదు. గోళం కోసి చూపించిన రోజున బోర్డు ఆపేసి, మిగతా పీరియడంతా పిల్లల చేత మట్టిముద్దలు చేయించి దారంతో కోయించింది. రెండో కోర్సు ఎప్పుడు తీసుకుంటావని స్టాఫ్ రూములో ఎవరో అడిగితే, "ఇదే ఇంకా చేతికి అలవాటు కాలేదండీ. క్లాసులో తడబడుతూనే ఉన్నాను. ఇది కుదురుకోనీండి," అంది.

ఆ తగ్గి మాట్లాడడం చూస్తే ఛాయాదేవికి ఒళ్ళు మండేది. ఆ పిల్ల గొప్పలు పోయి ఉంటే ఒక దణ్ణం పెట్టి వదిలేసేది. పైగా ఆ పిల్ల ప్రతి శనివారం తప్పుల పీరియడ్‌కి వచ్చి చివరి బెంచీలో కూచునేది. "మీ దగ్గర నేర్చుకుంటాను మేడం, ఈ కోర్సు ఆ పెట్టెలో లేదు," అనేది. ఆ మాటకి పొంగిపోవాల్సింది పోయి ఛాయాదేవి కుళ్ళుకుంది. పెట్టెలో ఉన్నది చాలక నా దగ్గరున్నది కూడా పట్టుకుపోదామనుకుంటోంది అనుకుంది.

అసూయకి తిండి దొరకాలే గాని పెరగడం ఎంతసేపు? తన్మయి జడ కిన్నెరలాగే పక్కకి వేసుకోవడం మొదలెట్టింది. జిల్లా విద్యాధికారి వస్తున్నాడని తెలిసి హెడ్మాస్టరు నమూనా పాఠం కిన్నెర చేత చెప్పించాలనుకున్నాడు. ఆ కబురు విన్న మధ్యాహ్నమే ఛాయాదేవి పెట్టె ముందు కూచుంది. ఆ టర్ముకి తన వంతు కోర్సు అప్పటికే తీసేసుకుంది. మనసాగలేదు.

ఆ స్కూల్లో శిక్షణలకి ఒకరి బదులు ఒకరు సంతకాలు పెట్టుకోవడం, ఒకరి టీ ఒకరు తాగడం ఎప్పటినుంచో ఉన్నదే. వ్యాయామం మాస్టారు సూరపునాయుడిని అడిగితే ఆయన ఆనందంగా ఒప్పుకున్నాడు. "నా వొంతు మీరే పెట్టీసుకోండి మేడమ్‌గారూ. విజిలూదడానికి నాకు పట్టీ ఏటండీ?" అన్నాడు. బొటనవేలు ఆయనది, తల ఆవిడది. ఆ మర్నాడు క్రాఫ్టు టీచరు వేలు, తర్వాత హిందీ పండితుడి వేలు. బీజగణిత బోధన, భిన్నాల బోధన, గాలిబోర్డు ప్రావీణ్యం, తరగతి నిర్వహణ అంటూ పెట్టెలో లెక్కలకి సంబంధించినవన్నీ వరసపెట్టి తలకెక్కించుకుంది. ఒక్కొక్కదానికీ తల వెనక వెచ్చగా అయ్యేది, నాలుక మీద ఇత్తడి చెంబు రుచి తగిలేది, అంతే. నొప్పి లేదు.

ఒక పిల్లవాడు పక్కవాడి జవాబు చూసి రాస్తే ఛాయాదేవి ఒప్పుకునేది కాదు. మధ్యలో మెట్లేవిరా అని నిలదీసేది. తనెక్కిన మెట్లేవని తనని తానొక్కసారీ అడగలేదు.

విద్యాధికారి వచ్చిన రోజున ఛాయాదేవి కిన్నెర బదులు తనే చెబుతానని ముందుకొచ్చి పాఠం చెప్పింది. గదినిండా చతురస్రాలు తేలాయి, రంగులు మారాయి, ఒకదానిలో ఒకటి ఒదిగాయి. ఆవిడ వేలు కదిపితే అక్షరాలు కదిలాయి. ఒక్క మాట అటూ ఇటూ పోలేదు. విద్యాధికారి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తన్మయి కళ్ళు చక్రాలంత అయ్యాయి. అన్నిటికన్నా ఎక్కువగా ఛాయాదేవి చూసింది చివరి బెంచీలో కిన్నెర మొహం. ఆ పిల్ల ఆశ్చర్యంతో చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయింది. ఛాయాదేవికి ఆ పూట చలివేంద్రంలో నీళ్ళు తాగినంత హాయిగా ఉంది.

ఆ తర్వాత వచ్చిన శనివారం, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి బోర్డు మీద రాసింది. సున్నా పాయింట్ పదిహేను, సున్నా పాయింట్ మూడు కన్నా పెద్దది. ఛాయాదేవి చేతులు కట్టుకుని నిలబడింది. చూసింది. ఇంకా చూసింది. ఏమీ రాలేదు.

తప్పని తెలుసు. ఒప్పేమిటో తెలుసు. దాన్ని బోధించడానికి పద్ధతులు కూడా వరసలో నిలబడి పిలుపు కోసం చూస్తున్నాయి. ఆ పిల్ల అలా ఎందుకు రాసిందో మాత్రం అంతుపట్టలేదు. అంత తేటగా కనబడేదాన్ని ఒక మనిషి ఇంకోలా ఎలా చూడగలదు? "ఇందులో అర్థం కాకపోవడానికేముంది?" అంది ఛాయాదేవి. ఆ గదిలో ఎవరూ అనకూడదని తనే కట్టడి చేసిన మాట అది. పిల్లలు మొహామొహాలు చూసుకున్నారు. ఆ పిల్ల తలొంచుకుని చేత్తోనే బోర్డు తుడిచేసి వెళ్ళి కూచుంది.

చివరి బెంచీలోంచి కిన్నెర గొంతు సన్నగా వినబడింది. "మూడు కన్నా పదిహేను పెద్దదని అనుకుంది కాబోలు మేడం. రూపాయలూ పైసల్లాగా."

పిల్ల తలెత్తి, అవునన్నట్టు ఊపింది. ఛాయాదేవికి చెంపలు వేడెక్కాయి. ఆ రోజునుంచి తప్పులు రావడం తగ్గింది. రాయమంటే పిల్లలు సరైన లెక్కలు రాసి బుద్ధిగా నిలబడేవారు.

ఇంట్లో ఇంకా ఘోరం. తన్మయి లెక్కల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మూడూ నాలుగూ కలిపి స్క్వేర్ చేయమంటే, తొమ్మిదీ పదహారూ కలిపి ఇరవై అయిదు అని వేసింది. ఛాయాదేవి నలభై తొమ్మిదని చెప్పి, ఎందుకో వివరించింది. తన్మయికి అర్థం కాలేదు. మళ్ళీ వివరించింది, అవే మాటలు, అదే వరస, అదే గొంతు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, నువ్వు చెప్పేది బాగానే ఉంది. నేనెక్కడున్నానో నీకు కనబడట్లేదు," అంది. పొయ్యి మీద చారు పొంగిపోతున్నా ఛాయాదేవి చూసుకోలేదు.

సన్యాసిరావు వచ్చి పొయ్యి ఆపాడు. "పాత బస్సు మూలిగితే జబ్బేటో చెప్తాను గానీ, కొత్త బస్సు మూలిగితే నాకు తెలీదు. ఆ పట్టీలోళ్ళనే అడుగు," అన్నాడు.

పట్టీ తయారుచేసిన ప్రయోగశాల నగరంలో, సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ డాక్టర్ భార్గవి అనే ఆవిడ ఛాయాదేవి ముందు పిల్లల జవాబు కాగితాలు పరిచింది. ఒక్కొక్కదాన్నీ చూసి ఛాయాదేవి తప్పు, తప్పు, ఒప్పు అని చెప్పింది. డాక్టరు అవి పక్కన పెట్టి, "చిన్నప్పుడు మీకు లెక్కల్లో ఏది కష్టంగా ఉండేది?" అని అడిగింది.

ఛాయాదేవి ఆలోచించింది. మాస్టారి బుర్రమీసాలు గుర్తొచ్చాయి. తొడపాశం మంట గుర్తొచ్చింది. ఆయన ఎందుకు పెట్టాడో గుర్తు రాలేదు. ఎంత తడుముకున్నా, లెక్కలు రాని ఛాయాదేవి అనే పిల్ల ఎక్కడా కనబడలేదు. పుట్టుకతోనే అన్నీ వచ్చినట్టుంది. ఆవిడకి భయమేసింది.

"ఎన్ని కోర్సులు తీసుకున్నారు?" అంది డాక్టరు. ఛాయాదేవి చెప్పింది, బొటనవేళ్ళ సంగతి కూడా దాచకుండా. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"మా ప్రయోగాల్లో అందరూ టర్ముకి ఒకటే తీసుకున్నారండీ. ఆ మధ్యలో క్లాసుకెళ్ళి తడబడేవారు. పాతదీ కొత్తదీ కలిపి వాడేవారు. ఆ తడబాటులోనే రెండూ పక్కపక్కన కుదురుకుంటాయి. మీరు మొదటి పూత ఆరకుండానే దాని మీద పూత, దాని మీద ఇంకో పూత వేశారు. అడుగునున్న సున్నం ఊడి పడిపోయింది. ఆ అడుగు పొర ఏమిటంటే, నేర్చుకోకముందు లెక్కలు మీకెలా తెలియకుండా ఉండేవో ఆ జ్ఞాపకం."

"తిరిగొస్తుందా?"

"రాదు. టర్ముకి ఒకటేనని రాశాం గానీ కారణం రాయలేదు. అది మా తప్పు. పెట్టెలన్నీ మార్చాలి, కొంతకాలం పడుతుంది. ఈలోగా మీ స్కూల్లో అందరికీ మీరే చెప్పండి. దయచేసి."

చెప్పడమంటే నాకున్నది పోయిందని చెప్పడం. నమూనా పాఠం, చప్పట్లు, అన్నీ అరువు సరుకని చెప్పడం. ఛాయాదేవి బస్సులో వస్తూ దారిపొడుగునా మాటలు పేర్చుకుంది. స్కూలు గేటు దగ్గరే కిన్నెర ఎదురొచ్చింది, మొహం విప్పారుకుని.

"మేడం, నేనూ మీలాగే చేద్దామనుకుంటున్నాను. ఇంగ్లీషు మేడం, తెలుగు మాస్టారు వాళ్ళ వంతులు ఇస్తామన్నారు. రేపటినుంచి వరసగా పెట్టేసుకుంటాను. మీరెక్కడికి వెళ్ళిపోయారో చూశాక, నేనింకా నత్తలా పాకుతున్నానని సిగ్గేసింది." కాస్త గొంతు తగ్గించింది. "మీకేమీ ఇబ్బంది రాలేదు కదా మేడం?"

బస్సులో పేర్చుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఎదురుగా పక్కకి వేసుకున్న జడ. తన బోర్డు మీద తప్పుని తన కళ్ళముందే చదివేసిన పిల్ల. పోనీ, దీనికీ పోతుంది, అప్పుడు ఇద్దరం సమానం అని ఛాయాదేవి లోపలెవరో అన్నారు. ఎవరో ఏమిటి, ఆవిడే అనుకుంది.

"రాలేదు," అంది.

ఇంటికెళ్ళేసరికి తన్మయి అరుగు మీద కూచుని కాళ్ళూపుకుంటూ లెక్కలు చేస్తోంది. తల్లిని చూడగానే పుస్తకం చాపింది. నలభై తొమ్మిది అని వేసి ఉంది. "కిన్నెర టీచర్ చెప్పింది. రెట్టింపు చేసేటప్పుడు మూడునీ నాలుగునీ విడివిడిగా రెట్టించి కలిపితే సరిపోతుంది కదా, స్క్వేర్ కూడా అలాగే పంచుకుంటుందని నేననుకున్నానట. నిజంగా అలాగే అనుకున్నానమ్మా! నాకే తెలీలేదు. టీచర్ కూడా ఇంటర్ దాకా అలాగే చేసేదట."

ఛాయాదేవి మెట్టు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ వంటింట్లో ఈ పిల్ల తప్పుల్ని చదివింది తను. ఇప్పుడు చదువుతున్నది కిన్నెర. గుండెల్లో ఎవరో ఉప్పు రాసినట్టుంది. ఆ చదవడం రేపటినుంచి ఆమెకీ పోవడం మొదలవుతుంది, ఇంకొన్నాళ్ళు నోరు మూసుకుంటే చాలు. అయితే కిన్నెరకీ పోతే, తన్మయి ఎక్కడుందో చూసేవాళ్ళు ఆ స్కూల్లో ఇక ఒక్కరూ మిగలరు. ఆ కబడ్డీ కుర్రాడిదీ అదే గతి. ఆవిడకి కిన్నెర మీద ప్రేమేమీ పుట్టుకురాలేదు. కూతురు గాలిలో కాళ్ళూపుకుంటూ నవ్వడం చూసింది, అంతే.

మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే స్టాఫ్ రూముకి వెళ్ళింది. కిన్నెర అప్పటికే పడక్కుర్చీలో వాలి పట్టీ తలకి చుట్టుకుంటోంది. తెలుగు మాస్టారు బొటనవేలు పెట్టె మీదికి వంగుతోంది. ఛాయాదేవి ఆయన చెయ్యి పట్టుకుని లాగేసింది. ఆయన, "ఇదేంటమ్మా!" అన్నాడు. ఆవిడ కిన్నెర తలమీంచి పట్టీ లాగింది, జడ పిన్నుతో సహా ఊడి వచ్చింది.

"నాకు పోయింది," అంది ఛాయాదేవి. "తప్పులు చదవడం నాకు పోయింది. నిన్న నీకు అబద్ధం చెప్పాను. నీకూ పోవాలనే చెప్పాను."

కిన్నెర లేచి కూచుంది. కోపంగా ఏదో అనబోయి, ఆవిడ చేతిలోని పట్టీకి వేలాడుతున్న తన పిన్నుని చూసి ఆగింది. "ఎందుకు మేడం?"

"కుళ్ళు. నీ గోళమంటే కుళ్ళు. నీ తడబాటన్నా కుళ్ళే, నా ముందు తడబడడానికి నీకు భయం లేదు. మా అమ్మాయి జడంటే ఇంకా కుళ్ళు. చాలా?"

తెలుగు మాస్టారు ఎటు చూడాలో తెలియక తన బొటనవేలు వంక చూసుకున్నాడు.

ఆ శనివారం తప్పుల పీరియడ్ కిన్నెర తీసుకుంది. ఛాయాదేవి చివరి బెంచీలో, తన్మయి పక్కన ఇరుక్కుని కూచుంది. ఏమైందో పిల్లలకి తనే చెప్పేసింది, సాగదీయకుండా. మొదట గుసగుసలు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా తప్పులు బయటికొచ్చాయి. కిన్నెర ఒకదాన్ని తప్పుగా చదివింది, పిల్లలు నవ్వారు, తనూ నవ్వి మళ్ళీ చదివింది. ఛాయాదేవి కడుపులో మంట ఏమీ చల్లారలేదు. అది నా చోటు, నా సుద్దముక్క అనిపిస్తూనే ఉంది. అయినా లేచి వెళ్ళిపోలేదు.

కిన్నెర అందరికీ ఒక లెక్క ఇచ్చింది. బస్సు ఊరికి వెళ్ళేటప్పుడు గంటకి నలభై కిలోమీటర్లు, అదే దారిన వచ్చేటప్పుడు అరవై. సగటు వేగమెంత? తన్మయి ఆలోచించకుండా యాభై అని రాసింది. ఛాయాదేవి బుర్ర నేరుగా నలభై ఎనిమిది దగ్గరికి వెళ్ళి నిలబడింది. యాభై అనే ఊరు ఆవిడ దారిలో ఎక్కడా తగల్లేదు.

"యాభై ఎందుకే?" అంది గొంతు తగ్గించి.

"నలభైకీ అరవైకీ మధ్య యాభై కదమ్మా."

"అది సరే. అలా ఎందుకనిపించింది?"

తన్మయి పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. నుదురు ముడిపడింది, కళ్ళు చిన్నవయ్యాయి, అంతవరకూ ఉన్న నమ్మకం సడలి మొహంలోకి అనుమానం వచ్చింది. ఛాయాదేవి ఆ మొహాన్నే చూస్తూ కూచుంది. కిన్నెర మీద కూడా ఇంత అసూయ పడలేదావిడ. కన్నకూతురి బుర్రలో ఉన్న ఆ తప్పు తనకి కావాలనిపించింది.

"వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి. రెండూ సమానమే కదా అనిపించింది," అంది తన్మయి నెమ్మదిగా. "సమానం కాదేమో మరి. తెలిసిందా?"

ఛాయాదేవి తల అడ్డంగా ఊపింది. "తెలీలేదే. ఇంకోసారి చెప్పు."

తన్మయి బెంచీ మీద తల్లి వైపు తిరిగి కూచుని, మొదటినుంచీ చెప్పడం మొదలెట్టింది.